గోడ మీది గ్లౌజులు

పెళ్ళయిన పదహారేళ్ళలో మా ఆయన్ని ఇంట్లోకి రావద్దని నేనెప్పుడూ అనలేదు. ఆయన గ్లౌజుల్ని మాత్రం అన్నాను. ఒకసారి కాదు, రోజూ అన్నాను. 'వాటిని గడప దాటించారంటే నేను పుట్టింటికి పోతా' అని కూడా ఒకరోజు నోరు జారాను. ఆ మాట ఖరీదెంతో తర్వాత తెలిసింది.

మాది నెల్లూరు నుంచి మైపాడు వైపు పోతే సముద్రానికి కాస్త ఇవతల తగిలే చిన్న ఊరు. పేరు రాస్తే మా ఆడబిడ్డలు పోట్లాటకొస్తారు కాబట్టి రాయను. మేడ మీదికెక్కితే తూర్పున సరుగుడు తోపులు, బకింగ్‌హాం కాలువ, దానికి ఇవతలా అవతలా రొయ్యల గుంటలు కనిపిస్తాయి. మిగతా జిల్లాలవాళ్ళు చెరువులంటారు, మాకు గుంటలే. మా ఆయన నాలుగెకరాలు కౌలుకి తీసుకుని వనామి రొయ్య వేస్తారు. తెల్లారుజామున నాలుగున్నరకి మోటారు సైకిలు తీయాల్సిందే. గుంటలో ప్రాణవాయువు బాగా తగ్గిపోయేది సరిగ్గా ఆ వేళకే. పగలు ఎండలో నీటిలోని నాచు తయారుచేసిన ఆక్సిజన్‌ని, రాత్రంతా రొయ్యలూ, ఆ నాచూ, అడుగు బురదలోని సూక్ష్మజీవులూ కలిసి వాడేసుకుంటాయి. ఆ వేళకి ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోని రైతు తెల్లారాక చూసేది రొయ్యల్ని కాదు, నష్టాన్ని.

ఎనిమిది కిలోమీటర్ల దారి. శీతకాలంలో మంచు, వేసవిలో పురుగులు, ఏడాది పొడుగునా గుంతలు. అందుకని మా తమ్ముడు చెన్నైలో పెరియమేడు తోలు బజారు నుంచి ఒక జత గ్లౌజులు తెచ్చి బావకి బహుమానం ఇచ్చాడు. వాడు చదివింది తోళ్ళ చదువు, ఉద్యోగం రాణిపేటలో. అరచేతి వైపు మంచి తోలు, పైన దళసరి గుడ్డ, మెటికల దగ్గర మెత్తటి స్పాంజి. కొత్తలో ఆ గ్లౌజులు చూసి మా ఆయన కంటే నేనే ఎక్కువ మురిసిపోయాను. సినిమా హీరోలా ఉన్నారని అన్నాను కూడా.

ఆ మురిపెం రెండు నెలలు నిలిచింది. ఈయన చేసే పనేమిటంటే, గుంట దగ్గర గ్లౌజులు తీసి చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూస్తారు. నాలుగు రొయ్యలు అరచేతిలో వేసుకుని పొట్టలో మేత పేగు నిండిందా లేదా అని దీపానికి పెట్టి చూస్తారు. గట్టున నిలబడి అడుగు బురద పిడికెడు తీసి వాసన చూస్తారు. ఆ తర్వాత చేతులు లుంగీకి తుడుచుకుని, అదే తడితో గ్లౌజులు తొడుక్కుని, ఇంటికొచ్చి, వాటిని బండి డబ్బాలో కుక్కేస్తారు. మధ్యాహ్నం ఆ డబ్బా తెరిస్తే ఏముంటుందో ఊహించుకోండి. రొయ్య నీచు, బురద కంపు, చెమట, వీటన్నిటి మీదా పాత గోనెసంచి ముక్క వాసన. వంటింటి తలుపు వెనక మేకుకి వాటిని తగిలించిన రోజున మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, 'అమ్మా, ఎలక ఎక్కడో చచ్చింది' అని ఇల్లంతా వెతికింది.

అప్పుడే పెట్టాను బహిష్కారం. గ్లౌజులు ప్రహరీగోడ మీదికి పోయాయి. పాపం ఆయన ఎదురు చెప్పలేదు. ఎండొస్తే ఎండలో, మంచొస్తే మంచులో అవి అక్కడే.

ధనుర్మాసంలో ఒకనాటి తెల్లవారుజామున మా అత్తయ్య కళ్ళాపి చల్లి ముగ్గేస్తున్నారు. నేను లోపల టీ పెడుతున్నాను. ఈయన బండి తీశారు, వెళ్ళిపోయారు. అరగంటలో ఫోనొచ్చింది. కాలువ వంతెన దిగే మలుపులో, రాత్రి రొయ్యల పట్టుబడికి వచ్చిన వ్యాన్ల నుంచి కారిన ఐసు నీళ్ళూ, ఇసకా కలిసి రోడ్డంతా జారుడుగా ఉందట. ముందు చక్రం పక్కకి పోయింది. బండి ముప్పైకి మించి పోలేదని చూసినవాళ్ళు చెప్పారు. హెల్మెట్ ఉంది కాబట్టి తలకేమీ కాలేదు. మోకాలు కొట్టుకుంది, అది పెద్ద దెబ్బ కాదు. రెండు అరచేతులే... రాయలేను. నెల్లూరు ఆస్పత్రిలో ఇసక రేణువులు ఒక్కొక్కటీ తీసి కడుగుతుంటే నేను బయటికొచ్చి నిలబడ్డాను. మనిషి పడేటప్పుడు మెదడు ఆజ్ఞ కోసం ఆగకుండా చేతులే ముందుకొస్తాయి, అందుకే బండి మీద నుంచి పడ్డవాళ్ళలో చాలామందికి అరచేతులే చెక్కుకుపోతాయి అని డాక్టరుగారు చెప్పారు. చెప్పి, 'గ్లౌజులు వేసుకునే అలవాటు లేదా?' అని అడిగారు.

మా ఆయన నా వైపు చూడలేదు. 'ఉందండీ, ఇవాళ మరిచిపోయా' అన్నారు.

మరిచిపోలేదు. ఆ సంగతి అత్తయ్య చెప్పారు, సాయంత్రం ఇంటికొచ్చాక. 'తీసుకున్నాడమ్మాయ్. గోడ మీంచి తీసి చేతికి తొడగబోయినాడు. నీళ్ళు కారతా ఉండాయ్. మంచుకి తడిసి ముద్దయిపోయినాయ్. చలికి గదా, మళ్ళీ ఆణ్ణే పెట్టేసి పోయినాడు.' అంతే అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇరవై రెండు రోజులు రెండు చేతులకీ కట్లు. అన్నం నేనే కలిపి పెట్టాను. మొదటి రెండు రోజులు అమ్మాయి ఎదురుగా తినడానికి సిగ్గుపడి, అది ట్యూషన్‌కి వెళ్ళేదాకా ఆకలితో కూర్చున్నారు. దోమ కుట్టినా గోక్కోలేరు. ఫోన్ మోగితే ఎవరో ఒకరు చెవికి పెట్టాలి. గుంటల పని మా మరిది చూశాడు గానీ, ట్రేలో మేత చూసి రొయ్య ఆకలి చెప్పగల చెయ్యి అతనిది కాదు. కిలోకి నలభై తూగేదాకా పెంచుదామనుకున్న రొయ్యని డెబ్బై కౌంటుకే పట్టించేశాం. మా వ్యాపారంలో ఆ తేడా ఎంతో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మూడోరోజు రాత్రి గోడ మీది గ్లౌజుల్ని లోపలికి తెచ్చాను. మొదటిసారి ముక్కు మూసుకోకుండా చేతిలోకి తీసుకున్నాను. వీటి సంగతేదో తేల్చాలనుకున్నాను.

తేల్చడం అనేసరికి తెలివిగా మొదలుపెట్టానని అనుకునేరు. మొదట చేసిన పని సాంబ్రాణి వేయడం. గంటసేపు పొగ పెట్టాను. వాసన పోలేదు సరికదా, దాని మీద పొగ కూడా చేరింది. అత్తయ్య వచ్చి, 'ఏందమ్మాయ్, ఉప్పుచేప కాలస్తన్నావా?' అన్నారు. తర్వాత పౌడరు డబ్బా సగం ఒంపాను. అది లోపలి చెమ్మకి ముద్ద కట్టి, మల్లెపూలూ రొయ్యలూ కలిపి వండినట్టయింది. కలరా ఉండలు వేస్తే మర్నాడు ఇంటిల్లిపాదికీ తలనొప్పి. చలికి క్రిములు చస్తాయని ఎవరో అంటే, కవర్లో చుట్టి రెండు రోజులు ఫ్రిజ్‌లో మంచు అరలో దాచాను, అత్తయ్యకి తెలియకుండా. తీసిన పూట నిజంగానే వాసన లేదు. సాయంత్రానికి యథాప్రకారం. క్రిములు చావలేదు, నిద్రపోయి లేచాయంతే.

చివరికి కోపమొచ్చి బట్టల సబ్బు పొడితో బకెట్లో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, మేడ మీద మిట్టమధ్యాహ్నం ఎండలో పడేశాను. సాయంత్రానికి అరచేతి తోలు అప్పడమైంది. వేళ్ళు వంచబోతే పటపటమని పగుళ్ళు. పాత జత కథ అలా ముగిసింది. తమ్ముడికి ఫోన్ చేసి ఇంకో జత పంపరా అన్నాను, ఏం చేశానో చెప్పి.

వాడు పగలబడి నవ్వాడు. తర్వాత, 'అక్కా, తోలంటే చర్మమే. నీ మొహానికి సర్ఫు రాసి ఎండలో పెడితే ఎట్లా ఉంటుందో అట్లాగే' అన్నాడు. ఊనిన తోలుకి కొంచెం ఆమ్లగుణం ఉంటుందట. సబ్బు, సోడా ఆ గుణాన్ని చెడగొడతాయి, లోపల మెత్తదనం కోసం పట్టించిన నూనెల్ని లాగేస్తాయి. ఆ మీద ఎండ తగిలితే పీచు బిగుసుకుపోతుంది. ఈ చదువు వాడికి అడయారులో 1948లో పెట్టిన తోళ్ళ పరిశోధనా సంస్థ చుట్టుపక్కల వంటబట్టింది. మాటల్లో ఇంకో ముచ్చట కూడా చెప్పాడు. ఒకప్పుడు మన దక్షిణాది తోళ్ళని ఊనింది తంగేడు చెక్కతోనూ కరక్కాయతోనూ అట. మద్రాసు రేవు నుంచి 'ఈస్టిండియా తోలు' పేరుతో ఓడలెక్కింది అదే. ఇప్పటి గ్లౌజుల తోలు చాలావరకు క్రోమియం లవణాలతో ఊనింది. తంగేడు పువ్వు తెలుసు గానీ దాని చెక్కకి ఇంత చరిత్ర ఉందని నాకు తెలియదు.

వంటసోడా సంగతి అడిగాను. మా ఇంట్లో అన్ని వాసనలకీ అదే మందు కదా. అప్పుడు వాడు చెప్పిన విషయం విని నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. చెమటకి అసలు వాసన లేదట. అరచేతుల్లో చెమట గ్రంథులు కిక్కిరిసి ఉంటాయి, వాటి నుంచి వచ్చేది దాదాపు ఉప్పునీళ్ళే. ఆ చెమ్మలో చర్మం మీది బాక్టీరియా చేరి, చెమటలోనూ రాలిన చర్మం పొట్టులోనూ ఉన్నదాన్ని తిని కొన్ని ఆమ్లాలు వదులుతాయి. మేజోళ్ళ కంపు కూడా అదే జాతి. అది ఆమ్లం కాబట్టి వంటసోడా దాన్ని అణుస్తుంది. కానీ నీచు వాసన వేరే. సముద్రపు చేపా, ఉప్పునీటి రొయ్యా తమ ఒంట్లో ఒక పదార్థం దాచుకుంటాయి, ఉప్పునీళ్ళని తట్టుకోవడానికి. అవి చచ్చాక బాక్టీరియా దాన్ని విరగ్గొడితే ట్రైమిథైలమైన్ పుడుతుంది. ఇది క్షారం. దీని మీద వంటసోడా చల్లితే అణగడం మాట అటుంచి, దాక్కున్న వాసన కూడా లేచొస్తుంది. దీనికి విరుగుడు పులుపు. పులుపు తగిలితే అది లవణంగా మారి గాల్లోకి లేవలేదు.

అంటే ఒకే గ్లౌజులో రెండు కంపులు, రెండింటికీ మందులు ఒకదానికొకటి శత్రువులు. నేను ఏది చేసినా ఒకటి తగ్గి ఇంకొకటి ఎందుకు పెరిగేదో అప్పుడర్థమైంది.

పులుపు మాట వినగానే నాకు మా చేపల అవ్వ గుర్తొచ్చింది. పట్టపుపాలెం నుంచి వారానికి మూడుసార్లు తట్ట తెస్తుంది. చేపలు కోసి ఇచ్చాక ఆవిడ ఎప్పుడూ 'కాసింత చింతపండు పిప్పి ఇయ్యి పాపా' అని అడిగి తీసుకుని చేతులకి రుద్దుకుని పోతుంది. ఇన్నేళ్ళూ పిసినారితనమో, చాదస్తమో అనుకున్నాను. నెల్లూరు చేపల పులుసులో చింతపండు పులుసు పోసి, పైన పుల్లమామిడి ముక్కలు వేసేది రుచికని తెలుసు. నీచుకి కూడా అదే విరుగుడని అవ్వ చేతులు రోజూ చెబుతున్నా నాకు వినపడలేదు.

ఈసారి తట్ట దించగానే గ్లౌజుల గోడు చెప్పాను. పాత జత తెచ్చి చూపించాను. అవ్వ వాసన చూడనే లేదు. నాలుక కొసతో తోలు అంచు తాకించింది. నా కడుపులో తిప్పింది. 'ఉప్పు' అంది. 'మా మొగోళ్ళ గుడ్డలు గూడా అంతే గదా. సముద్రం నీళ్ళలో తడిసిన గుడ్డ ఎన్ని ఎండలు గాసినా పొద్దుగూకేతలికి చెమ్మగిలుద్ది. మంచినీళ్ళలో జాడిచ్చిందాక అది ఆరదు.'

ఇంతకంటే గొప్ప మాట నాకు ఈ వ్యవహారంలో ఎవరూ చెప్పలేదు. తమ్ముడికి చెబితే వాడూ కాసేపు మాట్లాడలేదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చి నీరుగారడం మొదలుపెడుతుందట. మన వంటింట్లో ఉప్పు జాడీ కార్తీకమాసంలో ఎలా కారుతుందో చూడండి, అదే. మా తీరంలో రాత్రిళ్ళు గాలి అంత తేమగా ఉండటం మామూలు సంగతి. చెమటలో ఉప్పు, గుంట నీళ్ళలో ఉప్పు, గాలి తెచ్చే సముద్రపు తుంపరలో ఉప్పు. ఇదంతా గ్లౌజు లోపలి స్పాంజిలో చేరి కూర్చుంటే, పగలు ఎంత ఆరినా రాత్రికి మళ్ళీ చెమ్మ. చెమ్మ ఉంటే బాక్టీరియాకి పండగ. హైదరాబాదులో ఉండే మా పిన్ని కొడుకు, 'ఎండలో పెడితే సరిపోతుంది కదా వదినా' అన్నాడంటే అతని తప్పు కాదు, వాళ్ళ గాలి అలాంటిది. మాకు వాసనతో యుద్ధం కాదు, ఉప్పుతో యుద్ధం.

ఆనాటి మంచు ఒక్కటే కాదు, ఆ గ్లౌజుల్ని ముద్ద చేసింది లోపల పేరుకున్న ఉప్పు కూడా. కడగకుండా గోడ మీద పడేసింది నేను.

మంచినీళ్ళలో కడగాలి, సరే. మంచినీళ్ళేవీ? మా బోరు నీళ్ళతో పప్పు ఉడకదు. స్నానం చేస్తే జుట్టు అట్టలు కడుతుంది. ఈ మాట చెప్పాలంటే మా వాళ్ళకి కొంచెం ఇబ్బందే. 1990ల మొదట్లో టైగరు రొయ్య బంగారం కురిపించిన రోజుల్లో మా మామగారు కూడా వరి మడిని తవ్వి గుంట చేశారు. 1994 చివర్లో వైరస్ తెగులు తీరమంతా ఊడ్చేసింది, మా ఇంట్లో బంగారమూ దానితోనే పోయింది. తీరం వెంబడి ఊళ్ళలో తాగే నీళ్ళు ఉప్పబడుతున్నాయన్న గోడు అప్పట్లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1996 డిసెంబరు 11న వచ్చిన తీర్పు సంప్రదాయ పద్ధతివి తప్ప తీరానికి మరీ దగ్గరున్న రొయ్యల గుంటల్ని తీసేయమంది. తర్వాత 2005లో చట్టం వచ్చింది, 2009లో వనామికి అనుమతులు మొదలయ్యాయి, మళ్ళీ గుంటలు నిండాయి. మా బోరు ఉప్పబడటంలో సముద్రం వాటా ఎంత, మా వాటా ఎంత అని మా ఆయన్ని ఎప్పుడడిగినా మాట మారుస్తారు. ఏమైతేనేం, ఇరవై లీటర్ల క్యాను నీళ్ళతో గ్లౌజులు కడగాల్సి వచ్చింది. 'మేజోళ్ళకి మినరల్ వాటరా!' అని అత్తయ్య నోరు నొక్కుకున్నారు. గ్లౌజుల్ని ఆవిడ ఇప్పటికీ చేతి మేజోళ్ళే అంటారు. వానాకాలం వచ్చాక మేడ గొట్టం కింద డ్రమ్ము పెట్టి వాన నీళ్ళు పట్టాం. ఆ నీళ్ళని మించింది లేదు.

ఇప్పుడు మేం చేసేది ఇదీ. తోలు గ్లౌజు లోపల పల్చటి నూలు గ్లౌజులు తొడుక్కుంటారు, స్కూళ్ళలో కవాతు పిల్లలు వేసుకునే తెల్లవి. మూడు జతలు ఉన్నాయి. రోజూ ఒక జత ఉతికి ఎండలో వేస్తాను, నూలుకి ఎండ ఎంతైనా మంచిదే. చెమట చాలావరకు ఇక్కడే ఆగిపోతుంది. నా లెక్కలో సగం సమస్య దీంతోనే తీరింది. మిగతాదంతా దీని తర్వాతే.

గుంట దగ్గర మా ఆయన బండికి ఒక సీసా మంచినీళ్ళు, సగం నిమ్మకాయ ఉంటాయి. ట్రే చూశాక నిమ్మచెక్కతో చేతులు రుద్ది, కడిగి, తుడుచుకున్నాకే గ్లౌజు. పులుపు చేతికే, గ్లౌజుకి కాదు. నిమ్మరసం తోలు మీద పిండితే మచ్చ పడుతుంది. ఇది ఆయనకి అలవాటు చేయడం అన్నిటికంటే కష్టమైంది. మొదట్లో గుంటల మీద తోటి రైతులు, 'ఏం సామీ, షర్బత్తు కలుపుతుండావా?' అని ఎగతాళి చేశారట. ఇప్పుడు అందులో ఇద్దరు నిమ్మకాయ అడిగి తీసుకుంటున్నారు.

ఇంటికి రాగానే గ్లౌజులు డబ్బాలో ఉండకూడదు. డబ్బాలో పెడితే అన్నం గిన్నెకి మూతపెట్టి ఎండలో ఉంచినట్టే. వరండాలో ఫ్యానుగాలి తగిలేచోట, నోరు తెరిచి, వేళ్ళలోకి నలిపిన పేపరు ముక్కలు దూర్చి ఆరేస్తాను. పేపరు తడిని బాగా పీలుస్తుంది. గంటకోసారి తీసి కొత్తది పెట్టాలి. సిరా అంటుతుందనుకుంటే పాత పంచె గుడ్డ చుట్టొచ్చు. ఇందులో ఒక సూక్ష్మం ఉంది, సంపాదకులు మన్నించాలి. ఆదివారం పుస్తకం నున్నటి కాగితం దీనికి పనికిరాదు, మామూలు రోజుల పేపరే మేలు.

ఆరేయడానికి వేళ కూడా ముఖ్యమే. ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా పడమటి గాలి ఉంటే అది పొడిగాలి. మధ్యాహ్నం తర్వాత సముద్రపు గాలి మళ్ళుతుంది, ఒంటికి హాయిగా ఉంటుంది గానీ తడి గుడ్డకి మాత్రం శత్రువు. ఆ గాలి తిరిగేలోపు తీసేసి, బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టేస్తాను. ఆరిన వాటికే మూత, ఆరని వాటికి కాదు. డబ్బాలో ఒక గుడ్డ మూటలో వేయించిన బియ్యం గుప్పెడు, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే చిన్న తెల్ల పొట్లాలు నాలుగు.

వారానికొకసారి మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో లోపలా బయటా తుడుస్తాను. నెలకో, నెలన్నరకో అసలు స్నానం. ఇది మా ఆయనే చేస్తారు. గ్లౌజులు చేతికి తొడుక్కుని, గోరువెచ్చటి కంటే కూడా చల్లటి నీళ్ళలో రెండు చుక్కలు పిల్లల షాంపూ వేసి, చేతులు కడుక్కున్నట్టే కడుగుతారు. నురగ పోయేదాకా, ఆ మీద ఇంకో రెండుసార్లు. ఉప్పు పోవాలి కదా. పిండకూడదు. తువాలులో చుట్టి అదిమి, నీడలో ఆరేసి, ఇంకా కొంచెం చెమ్మ ఉండగానే తొడుక్కుని పిడికిలి బిగించి విప్పుతూ ఉండాలి, లేకపోతే బిగుసుకుపోతాయి. ఆరాక రంగులేని తోలు క్రీము పల్చగా తోలు వైపు మాత్రం. ఈ పిడికిలి బిగించి విప్పే పని ఆస్పత్రిలో అరచేతుల కొత్త చర్మం సాగడానికి ఆయనకి చెప్పిన వ్యాయామమే. ఆ ఆదివారాల్లో ఆయన వరండాలో కూర్చుని పేపరు ముందు పెట్టుకుని పిడికిళ్ళు బిగిస్తూ విప్పుతూ ఉంటే, ఎవరి మీదో కోపంగా ఉన్నారేమో అనుకుని వీధిలో పోయేవాళ్ళు పలకరించడానికి జంకుతారు.

ఎంత చేసినా పూర్తిగా వాసన లేకుండా పోతుందని నేను అబద్ధం చెప్పను. గ్లౌజు మొహం మీద పెట్టుకుని గట్టిగా పీలిస్తే తోలూ, కొంచెం నిమ్మకాయా, ఎక్కడో అడుగున గుంట గట్టూ తెలుస్తాయి. స్పాంజి ఒకసారి బూజు పట్టిందంటే మాత్రం ఏ వైద్యమూ పనిచేయదు, పారేసి కొత్తవి కొనుక్కోవడమే. కానీ అవి ఇప్పుడు వంటింటి అలమారలో, పప్పుల డబ్బాల పక్కన ఉంటాయి. అత్తయ్య మొదట ఒప్పుకోలేదు. తర్వాత ఒకరోజు ఆవిడే డబ్బా మూత తీసి వాసన చూసి, ఏమీ అనకుండా మూత పెట్టేశారు.

ఈయన ఎడమ అరచేతిలో బొటనవేలి కింద ఒక మచ్చ మిగిలింది, చింతగింజంత. అన్నం తినేటప్పుడు కనిపించదు. తెల్లారుజామున టీ గ్లాసు అందుకునేటప్పుడు కనిపిస్తుంది. ఆయన ఒకసారీ ఆ గోడ మాట ఎత్తలేదు. నేనే ఒకరోజు ఉండబట్టలేక, 'ఆ రోజు డాక్టరుతో మరిచిపోయానని ఎందుకు చెప్పారు?' అని అడిగాను. నూలు గ్లౌజు వేళ్ళు సర్దుకుంటూ, 'ఆ... ఆయనకి మన సంగతులన్నీ ఎందుకే' అన్నారు. తోలు గ్లౌజు తొడుక్కుని బండి తీశారు.

నిన్న రాత్రి నుంచి ఈశాన్యపు గాలి మొదలైంది. ఉప్పు జాడీ అప్పుడే కారుతోంది. ఇవాళ గ్లౌజుల డబ్బాలో బియ్యం మార్చాలి. తీసిన పాత బియ్యం కోళ్ళకి వేయడానికని అత్తయ్యకి ముందే చెప్పి పెట్టాలి. పోయినసారి చెప్పకపోతే ఆవిడ పొంగలి పెట్టేశారు.